పలుజాతుల చిలుకలు, ఒక్క పంజరము

ధర్మవిచారము చేయువారు సాధారణముగా గొప్ప విషయములనే విచారణకు గైకొందురు. రాజు ప్రజలయెడ నెట్లు మెలగవలెను, ధనికుడు దరిద్రునియెడ నెట్లు మెలగవలెను, పురుషుడు స్త్రీయెడ నెట్లు మెలగవలెను అని యెన్నియో గ్రంథములు పుట్టినవి, ఇంకను పుట్టుచున్నవి. పెరటిలోనో మేడమీదనో ఇనుపవల కట్టి పది చిన్నచిలుకలను పెంచుకొను గృహస్థుడు వానియెడ నెట్లు మెలగవలెనను ప్రశ్న మాత్రము చర్చకు తగినదిగా నెవరికిని తోచదు. అది వినోదమునకు సంబంధించిన సంగతియే కాని ధర్మమునకు సంబంధించినది కాదని తలంతురు. మాకట్లు తోచుట లేదు. ఏ రాజునకును తన ప్రజలపై లేనంత యధికారము ఆ గృహస్థునకు తన పక్షులపై గలదు. అవి యేమి తినవలెనో, ఎప్పుడు త్రాగవలెనో, ఎండలో నుండవలెనో నీడలో నుండవలెనో, దేని ప్రక్కన నేది నిదురింపవలెనో, సంతానము కలుగవలెనో వలదో సర్వమును నతడే నిర్ణయించుచున్నాడు. అధికార మెంత సంపూర్ణమో బాధ్యతయు నంత సంపూర్ణము కావలసియుండగా, అధికారమునకు వినోదమనియు, బాధ్యతకు పక్షుల స్వభావమనియు పేర్లు పెట్టి తప్పించుకొనుట లోకమున కలవాటైనది. వేర్వేఱు జాతుల చిన్నచిలుకలను ఒక్కచోట జేర్చి పెంచునప్పుడు బలమైనది బలహీనమైనదానిని గాయపఱచినచో ఆ దోష మెవరిది? ఈ ప్రశ్ననే యీ వ్యాసమున విచారింప నెంచితిమి.

చిలుక తెలుగువారి యింటికి క్రొత్తది కాదు. చిలుకకు పలుకులు నేర్పుట మన కావ్యములలోని అంతఃపురములందును గలదు. చీటి తీయించి జోస్యము చెప్పువాని చిలుక మన వీధియరుగులమీదను గలదు. అయినను పంజరము నిర్దోషమైన వస్తువని మన పూర్వులు నిశ్చింతగా నమ్మినట్లు కానరాదు. భద్రాచలమున రామాలయము కట్టించిన కంచెర్ల గోపన్న గోలకొండ చెఱసాలలో పండ్రెండేండ్లు బాధపడుటకు, పూర్వజన్మమున నతడొక చిలుకను పంజరమున బంధించియుండుటయే కారణమని జనులు చెప్పుకొందురు. జన్మాంతరవాదమును నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు; ఆ చర్చ మాకిచట నక్కఱ లేదు. అంతటి భక్తుని చెఱకు తగిన కారణము వెదకినప్పుడు జనులకు హత్య తోచలేదు, చౌర్యము తోచలేదు. ఒక పక్షిని బంధించుట తోచినది. పంజరమును చూచునప్పుడు వారి మనస్సున నెక్కడనో యొక ముల్లు గ్రుచ్చుచుండెననుటకు ఈ కథయే సాక్ష్యము.

నేటి చట్టము ఆ ముల్లును కొంతవఱకు తీసివేసినది. 1972లో నేర్పడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి మన దేశపు రామచిలుకను పట్టుటయు, అమ్ముటయు, ఇంట బంధించి యుంచుటయు నేరములు. ఈ సంగతి యెఱుగకయో, ఎఱిగియు లక్ష్యపెట్టకయో నేటికిని రామచిలుకను పంజరమున నుంచుకొన్న కుటుంబములు లేకపోలేదు. తక్కినవారు విదేశముల చిన్నచిలుకలవైపు మరలిరి. తరతరములుగా మనుష్యుల చేతులలోనే పుట్టి పెరుగుచున్న యీ పక్షులను పెంచుటకు చట్ట మడ్డు చెప్పదు. 2022లో చట్టము సవరింపబడిన పిమ్మట, అంతర్జాతీయపు టొడంబడిక పట్టికలలో చేరిన విదేశీజాతులను పెంచువారు వానిని ప్రభుత్వమునొద్ద నమోదు చేయింపవలెనను విధి మాత్ర మేర్పడినది. మిగుల నిఱుకైన పంజరమున ప్రాణిని బంధించుటను 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము నిషేధించుచున్నది. ఇంతటితో ధర్మవిచారము ముగిసినదని చాలమంది తృప్తిపడుదురు. కాని ఏ పక్షి ప్రక్కన నే పక్షి నుంచవలెనో యీ చట్టములు చెప్పవు. అది పెంచువాని మనస్సాక్షికే విడువబడినది.

ఇందు మొదటి చిక్కు పేరులోనే కలదు. మన పట్టణములలో పక్షుల నమ్మువారు 'లవ్‌బర్డ్స్' అని చెప్పి యిచ్చునవి తఱచుగా లవ్‌బర్డ్స్ కావు. అవి ఆస్ట్రేలియా దేశపు బడ్జరిగారులు, వాడుకలో బడ్జీలు. ముప్పది నలువది గ్రాముల బరువుండు నీ చిన్నపక్షిని జాన్ గౌల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు 1840లో ప్రాణముతో ఇంగ్లండునకు గొనిపోయెను. పిమ్మట నది లోకమంతట వ్యాపించినది. నిజమైన లవ్‌బర్డ్స్ ఆఫ్రికాఖండమునకును మడగాస్కరు ద్వీపమునకును చెందిన తొమ్మిది జాతులు. పొట్టితోకయు బలమైన ముక్కును కలవి. మూడవది కాకటీల్. తలపై కుచ్చును, చెంపలపై నారింజవన్నె చుక్కలును గల యీ పక్షియు ఆస్ట్రేలియాదే కాని, వంశమునుబట్టి కాకటూలకు చుట్టము. ఒక గృహస్థుడు బడ్జీల జంటను లవ్‌బర్డ్స్ అని కొనును. కొన్ని నెలలకు వేఱొక యంగడిలో నిజమైన లవ్‌బర్డ్స్ జంటను అదే పేరుతో కొనును. పేరొక్కటే గదా యని రెండు జంటలను ఒక పంజరమున విడుచును. కొన్నాళ్ళలోనే ఏ బడ్జీకో కాలివ్రేలు తెగి నెత్తురు కాఱును. ప్రేమపక్షులని పేరు గల యీ ప్రాణుల ప్రేమ తమ జంటయందే కాని ప్రక్కవారియందు గాదని అప్పుడాతనికి తెలియును. తెలియుటకైన వెల యాతడు చెల్లింపలేదు, బడ్జీ చెల్లించినది.

దేహప్రమాణమునుబట్టి బలాబలములను నిర్ణయించుట రెండవ పొరపాటు. కాకటీలు ఎనుబది మొదలు నూఱు గ్రాముల వఱకు తూగును. లవ్‌బర్డు ఏబది గ్రాముల కటునిటు. చూచువారు పెద్దది చిన్నదానిని బాధించుననుకొందురు. జరుగునది విపరీతము. కాకటీలు సాధుస్వభావము కలది. ముక్కు తెఱచి బెదరించునే కాని చాలసారులు తానే తొలగిపోవును. లవ్‌బర్డు తొలగిపోదు. ప్రక్కగదిలో నున్న పక్షిని గూడ వలసందులగుండ కాలివ్రేళ్ళు పట్టి కఱచును. కావుననే తెలిసినవారు లవ్‌బర్డ్స్ గదికిని తక్కిన గదులకును నడుమ రెండు వరుసల వల, ముక్కున కందనంత యెడముతో కట్టుదురు. బడ్జీలును కాకటీళ్ళును విశాలమైన చోట, తగినన్ని తిండిపాత్రలతో, చాలవఱకు కలసి బ్రదుకగలవు. లవ్‌బర్డ్స్‌ను మాత్రము వేఱుగా నుంచుటయే మేలు. ఇది బహుజనుల యనుభవము.

ఇక మా ముఖ్యవాదమునకు వత్తుము. "కఱచుట లవ్‌బర్డు స్వభావము. దానికి కోపము పెట్టినవాడను నేను గాను. పక్షులు పోట్లాడుకొన్నచో నా దోషమేమి?" అని పెంచువాడనును. ఈ మాట పైకి సమంజసముగనే యుండును. దీనికి ప్రత్యుత్తరము చెప్పుటకు ముందు ఈ పక్షులు తమ స్వదేశములలో నెట్లు బ్రదుకుచున్నవో చూడవలెను.

బడ్జీలు ఆస్ట్రేలియా లోపలి యెండుభూములలో నీటిని, గడ్డిగింజలను వెదకుచు గుంపులుగా తిరుగును. వాన యెచట కురిసిన నచటికి పోవును. ఎండిపోయిన చోటు విడుచును. కాకటీళ్ళును అట్టివే. గ్రుడ్లు పెట్టవలసివచ్చినప్పుడు ఈ రెండు జాతులును చెట్టుతొఱ్ఱల నాశ్రయించును. తొఱ్ఱలు పక్షులన్నిటికి చాలినన్ని యుండవు గనుక వానికొఱకు కలహములు పుట్టుట సహజమే. అడవి శాంతినిలయమని మేము చెప్పుట లేదు. అచటను పోరాటము కలదు, ముక్కుపోటులు కలవు. కాని అచట నోడిన పక్షి యెగిరిపోవును. గెలిచినది కొంతదూరము తఱిమి తన తొఱ్ఱయొద్దకు మరలివచ్చును. అంతకుమించి దాని కవసరము లేదు. ఓడినదానికి వేఱొక చెట్టు కలదు, వేఱొక దిక్కు కలదు. ప్రకృతి బలవంతునకు ముక్కు నిచ్చినట్లే బలహీనునకు ఱెక్కల నిచ్చినది. ఆ ఱెక్కలున్నంతకాలము ఆ ముక్కు ప్రాణాంతకము కాదు.

పంజర మేమి చేసినది? గెలుచుదాని ముక్కును యథాస్థానమున నుంచి, ఓడుదాని ఱెక్కలను మాత్రము నిరర్థకములు చేసినది. ఒక పక్షి పాఱిపోయి మూల నిలిచినను గెలిచినదాని కంటి యెదుటనే యుండును. అది యింకను లొంగలేదని గెలిచినది తలంచును, మరల పొడుచును. పాఱిపోవుట యను మర్యాద పంజరమున చెల్లదు. అడవిలో క్షణమున ముగియు కలహము ఇచట దినములకొలది సాగి యొకదాని చావుతో ముగియుటకు కారణమిదియే. కావున పెంచువాడు "నేను కోపమును పెట్టలేదు" అనుట సత్యమే కాని, "నేను దూరమును తీసివేయలేదు" అని యాత డనజాలడు. స్వభావము పక్షిది, దూరము లేకపోవుట మనుష్యుని కార్యము. ఆ రెండును కలసినప్పుడే గాయము పుట్టినది. రెంటిలో నొకటి తన చేతిలో నున్నవాడు దోషమునంతయు రెండవదానిపై త్రోయుట న్యాయము కాదు.

దీనినుండి యొక విధి తనంత తానే వచ్చుచున్నది. తాను హరించిన దూరమునకు బదులు తానే యేదియైన నీయవలెను. విశాలమైన చోటు, కంటికి కనబడకుండ దాగుటకు కొమ్మలును తెరలును, బలమైనది యొక్కతె కాపలా కాయజాలని విధమున నాలుగు దిక్కుల తిండిపాత్రలును నీటిపాత్రలును, వీనితోనైనను శాంతి కుదురనప్పుడు తక్షణమే వేఱుచేయుటకు సిద్ధముగా నున్న మఱియొక పంజరము. ఈ రెండవ పంజరము లేనివాడు పలుజాతుల నొకచో నుంచుటకు అర్హుడు కాడని మా నిశ్చితాభిప్రాయము. ఆపదలో విడదీయుటకు శక్తిలేనివాడు కలుపుటకు పూనుకొనరాదు.

సంతానకాలమున ఈ బాధ్యత మఱింత కఠినమగును. మన దేశమున బడ్జీలకు ప్రక్కన రంధ్రము గల మట్టికుండలను వ్రేలాడదీయుట వాడుక. కొందఱు కొయ్యపెట్టెల నుంచుదురు. ఈ కుండల విషయమున అనుభవజ్ఞులు పాటించు నియమములు కొన్ని కలవు. జంటలకన్న కుండలు ఎక్కువగా నుండవలెను. కుండలన్నియు ఒక్క పరిమాణమున, ఒక్క యెత్తున నుండవలెను. అన్నిటిని ఒక్క దినముననే కట్టవలెను, ఒక్క దినముననే విప్పవలెను. జంట లేని ఆడపక్షిని సంతానకాలమున ఆ గదిలో నుంచరాదు. గూడు లేని ఆడుబడ్జీ యొకటి పరుల కుండలో దూఱి గ్రుడ్లు పగులగొట్టుటయు, పిల్లలను చంపుటయు కలదు.

ఈ నియమములలో ఎత్తును గూర్చిన నియమము మా కెక్కువ గమనింపదగినదిగా తోచుచున్నది. పక్షులు మీది గూటిని కోరును. ఒక కుండ మీదను, తక్కినవి క్రిందను కట్టినచో ఆ మీది కుండకొఱకు జంటలన్నియు కలహించును. క్రిందివి ఖాళీగా నుండగనే రక్తము చిందును. చూచువాడు "ఇన్ని కుండలుండగా ఈ మూర్ఖపక్షు లొక్కదానికొఱకు పోరాడుచున్నవే!" యని యాశ్చర్యపడును. కాని మీది స్థానము నొకదానిని కల్పించినవా డెవడు? కుండలన్నిటిని ఒక్క వరుసను కట్టిన దినమున ఆ కలహమున చాలభాగము తగ్గును. పక్షుల స్వభావ మారాత్రి మాఱలేదు; మేకులు మాఱినవి. ఇంట నిద్దఱు కోడండ్రు కలహించునప్పుడు వారి గుణములను నిందించు పెద్దలు, ఒకతెకు మీది గదియు మఱియొకతెకు వంటయింటి మూలయు నిచ్చిన తమ చేతి పనిని తలంచుకొన్న మేలు.

"మా పక్షులు ఆఱు నెలలుగా కలహము లేక యున్నవి, కావున స్నేహముగనే యున్నవి" యని మఱికొందఱు వాదింతురు. నిశ్శబ్దమును స్నేహమనుకొనుట పొరపాటు. అట్టి పంజరమును ఉదయసాయంకాలములయందు కొంతసేపు కదలక చూడవలెను. మొదట తిన్నదెవరు, కడపట తిన్నదెవరు, ఎల్లప్పుడు క్రింది కొమ్మపై నున్నదెవరు, ఒకటి రాగానే లేచి తొలగునదెవరు అని గమనింపవలెను. పాత్రలో కొఱ్ఱలు నిండుగా నుండగనే చిక్కి శల్యమగు పక్షు లుండును. తిండి లేక కాదు, తిండియొద్దకు రానిచ్చువారు లేక. చిలుకలు తమ బలహీనతను దాచుకొను ప్రాణులు. బాధ పైకి కనబడునాటికి చాలసారులు కాలము మించియుండును. కావున ఫిర్యాదు లేకపోవుటను సుఖమునకు సాక్ష్యముగా గైకొనరాదు. నోరులేనివారి మౌనమును అంగీకారముగా లెక్కించుట పక్షులయెడనే కాదు, మఱి చాల స్థలములయందు మనము చేయుచున్న పని.

వ్యాధి సంగతి యొకటి కలదు, క్లుప్తముగా చెప్పెదము. క్రొత్తగా కొన్న పక్షిని నెల దినములకు తక్కువ కాకుండ వేఱు గదిలో నుంచి, ఆరోగ్యము నిశ్చయించుకొన్న పిమ్మటనే తక్కినవానితో కలుపవలెను. చిలుకలనుండి మనుష్యులకు సంక్రమించు సిట్టకోసిస్ అను జ్వరము 1929-30 సంవత్సరములలో దక్షిణ అమెరికానుండి యమ్మకమునకు వచ్చిన చిలుకల మూలమున అమెరికా, ఐరోపా దేశములలో వ్యాపించి పలువురను బలిగొన్నది. ఓర్పులేనివాని యొక్క దినపు తొందర పంజరమునకే కాక యింటి పిల్లలకును చేటు తేగలదు.

ఇక సంకరమును గూర్చిన ప్రశ్న. బడ్జీలకును కాకటీళ్ళకును వంశము దూరము. వాని కలయికచే సంతానము కలుగుననే భయము లేదు. లవ్‌బర్డ్స్‌లో మాత్రము వేర్వేఱు జాతులు కలసి పిల్లలను కనును. కన్నుచుట్టు తెల్లని వలయము గల ఫిషర్ జాతియు, ముసుగుజాతియు కలిసినచో పుట్టిన పిల్లలకు మరల సంతానము కలుగును. కెన్యా దేశపు నైవాషా సరస్సు ప్రాంతమున మనుష్యుల మూలమున చేరిన యీ రెండు జాతులు అచట కలసిపోవుచున్నవి. పంజరములలో నిట్లు కలసినచో కొన్ని తరములకు ఏ జాతియు నిలువదు. అందుచే వివేకవంతులగు పెంపకందార్లు ఒక్క జాతినొక్క గదిలోనే యుంచుదురు.

ఇంతకన్న హృదయమును తాకు సంగతి మఱియొకటి కలదు. గులాబిమొగము గల లవ్‌బర్డు జాతిలో ఆడుపక్షి గూటికి కావలసిన ఆకుపీలికలను ముక్కుతో కత్తిరించి, నడుముమీది యీకలలో దోపుకొని యొక్కమాఱే కొన్నిటిని మోసికొనిపోవును. ఫిషర్ జాతిపక్షి అట్లు చేయదు. ఒక్కొక్క పీలికను ముక్కున కఱచుకొని పోవును. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన విలియం డిల్గర్ ఈ రెండు జాతులను కలిపి, పుట్టిన పక్షుల నడవడిని పరిశీలించి 1962లో ప్రకటించెను. ఆ సంకరపక్షులకు తల్లి పద్ధతియు పూర్తిగా రాలేదు, తండ్రి పద్ధతియు పూర్తిగా రాలేదు. పీలికను నడుమున దోపుకొన బోవును, సరిగా దోపలేవు, లేక దోపి విడువలేవు, పీలిక జాఱిపడును. మరల తీయును, మరల దోపును, మరల జాఱును. ముక్కున మోసిన దొక్కటే గూటికి చేరునని తెలియుటకు వానికి సంవత్సరములు పట్టెను. తెలిసిన పిమ్మటను, మోయుటకు ముందు తలను వెనుకకు త్రిప్పు నలవాటు వానిని పూర్తిగా విడువలేదు. ఈ పక్షులకు సంతానయోగమును లేదు. అంత శ్రమపడి కట్టిన గూటిలో పిల్ల లెన్నడును కలుగరు.

డిల్గర్ జ్ఞానముకొఱకు చేసిన పనిని మే మిచట విమర్శింపము. కాని క్రొత్త వన్నె కలుగునేమో చూతమను కుతూహలముచేతనో, మగపక్షి యొకటి యొంటరిగా నున్నది గదా యను సోమరితనముచేతనో ఇట్టి పక్షులను పుట్టించువానిని ఏమనవలెను? ఉన్న ప్రాణిని బాధించుట యొక దోషము. తన దేహములోనే రెండు ఆజ్ఞలు కలహించునట్లు ఒక ప్రాణిని పుట్టించుట దానికి చాల భిన్నమైన దోషము. అది పుట్టకముందు మనల నడుగలేదు, పుట్టిన పిమ్మట చెప్పలేదు. మన వినోదముకొఱకు దాని జీవితమును కష్టతరము చేయు నధికారము మనకు లేదని మా నమ్మకము.

ఇచట నొక హెచ్చరిక చేయక తప్పదు. ఈ సంగతిని చదివి పూర్వాచారపరుడొకడు "చూచితిరా! జాతులు కలియరాదని పక్షులే చెప్పుచున్నవి, మేము వర్ణసంకరము కూడదన్నది యిందుకే" యని యుప్పొంగవచ్చును. తెలుగున 'జాతి' యను నొక్క మాటను పక్షిభేదమునకును కులభేదమునకును వాడుటచే కలిగిన భ్రాంతి యిది; 'లవ్‌బర్డ్స్' అను పేరుచే కలిగిన భ్రాంతికి తోబుట్టువు. మనుష్యులందఱు శాస్త్రప్రకార మొక్క జాతి. బ్రాహ్మణునకును మాలకును పుట్టిన బిడ్డకు దేహమున గాని బుద్ధియందు గాని రెండు స్వభావములు కలహింపవు; కలహించునది చుట్టునున్న లోకమే. మనుష్యుల కులములకు పంజరమున పోలిక వెదకవలసివచ్చినచో ఫిషర్ పక్షిని గులాబిమొగపు పక్షిని చూడరాదు. పచ్చబడ్జీని, నీలిబడ్జీని చూడవలెను. అడవిలో బడ్జీ పచ్చనిది. నీలము మొదలగు వన్నెలు పెంపకమున బయలుదేఱి నిలిచినవి. వన్నె వేఱు, పక్షి యొక్కటే. పచ్చది నీలిదానిని వన్నె యడుగక వరించును; ఇద్దఱును ఒక్క కుండలో కాపురము చేయుదురు; పిల్లలు ఆరోగ్యముతో నెగురును. కావున పంజరము ఈ విషయమున సాక్ష్యము చెప్పినచో సంస్కారపక్షముననే చెప్పును. అయినను పక్షుల నడవడినుండి మనుష్యధర్మమును నిర్ణయింపబూనుట మా మతము కాదు. మేము చెప్పునది పక్షుల ధర్మము గాదు. పక్షులను పెంచు మనుష్యుని ధర్మము.

ఇంకొక ప్రశ్న మిగిలినది. "ఇన్ని చిక్కులేల? పంజరము తలుపు తెఱచి విడిచిపెట్టుటయే దయ కాదా?" యని కరుణాహృదయులు కొంద ఱడుగుదురు. ఈ మాట వినుట కింపుగా నుండును. కాని పంజరమున పుట్టి, పాత్రలోని గింజ తప్ప మఱి యాహార మెఱుగని బడ్జీని మన ఆకాశమున విడిచినచో కాకులకో డేగలకో ఆహారమగును, లేక ఆకలిచే నశించును. బ్రదికి పెంపొందినను, మన దేశపు పక్షుల తొఱ్ఱలపై పడును. మన మనస్సును తేలికపఱచుకొనుటకు దాని ప్రాణమును వెచ్చించుట దయ యనిపించుకొనదు. నిజమైన వైరాగ్యము తలుపు తెఱచుటలో లేదు. సంతానమును మితము చేయుటలో కలదు. ఒక్కొక్క ఆడుబడ్జీ ఒక్కొక్క విడతకు నాలుగైదాఱు గ్రుడ్లు పెట్టి పదునెనిమిది దినములు పొదుగును. కుండలు వ్రేలాడుచున్నంతకాలము విడతమీద విడతగా పెట్టుచునే యుండును. ఆడుపక్షి క్షీణించును, పంజరము నిండును, నిండిన పంజరమున కలహము పెచ్చు పెరుగును. కుండలను విప్పివేయుట పెంచువాని చేతిలో నున్నది. పుట్టబోవు ప్రతి పిల్లకును స్థలమో, తగిన గృహమో ముందు చూచుకొన్న పిమ్మటనే కుండను కట్టవలెను. అంగడివాని కమ్మివేయుదమను నమ్మకముతో కట్టిన కుండ బాధ్యతను పరుని చేతిలో పెట్టి చేతులు కడుగుకొనుటయే.

ఇంతకు మేము చెప్పదలచిన దేమనగా: బలవంతుని స్వభావము బలవంతునిదే, బలహీనుని స్వభావము బలహీనునిదే. వారిద్దఱిని ఒక్క తలుపు లోపల నుంచి తాళము వేసినవాడు మూడవవాడు. తలుపు లోపల జరుగు ప్రతి గాయమున నతనికి పాలు కలదు. అతడు కఱవకపోయినను కలదు, చూడకపోయినను కలదు. చిన్నచిలుకలను పెంచుకొను కుటుంబములను మేము నిందింపము. వానిని చూచి పిల్లలు ముదమందుదురు. ఉదయమున నీరు మార్చి, తోటకూర యాకులు కట్టి, పాత్రలు కడిగి, తమకన్న చిన్న ప్రాణికి సేవచేయుట నేర్చుకొందురు. ఇది మంచి చదువు. కాని ఆ చదువునకు తోడుగా, గాయపడిన పక్షిని చూచి పిల్లవాడు "ఏది కఱచినది, నాన్నా?" అని యడిగినప్పుడు కఱచినదానిని వ్రేలు పెట్టి చూపి యూరకుండక, "వీనిని మనమేల కలిపితిమి?" అను రెండవ ప్రశ్నను గూడ తండ్రి వానికి నేర్పవలెను. రేపు ఆ బాలు డొక యింటికో, పాఠశాలకో, కార్యాలయమునకో, గ్రామమునకో పెద్ద యగును. వేర్వేఱు స్వభావముల వారిని ఒక్క కప్పుక్రింద నుంచు నధికారము వాని చేతికి వచ్చును. ఆనాడు కలహము పుట్టినప్పుడు అందఱి గుణములను విచారించుటకు ముందు, తాను కట్టిన కుండల యెత్తును విచారించువాడగును.